నక్షత్రం గుర్తు ఉన్నా సమయం తప్పే: ఎన్‌టీపీ స్థితి పట్టిక చదవడంలో నా అనుభవం

హైదరాబాద్‌లో నేను చూసుకునే సర్వర్ల గడియారాల గురించి మొదటిసారి లోతుగా ఆలోచించింది ఒక ఫిర్యాదు వచ్చిన రోజున. మా లాగ్‌లో 11:42:19కి పంపినట్లు నమోదైన చెల్లింపు అభ్యర్థన, అవతలి సంస్థ లాగ్‌లో 11:42:12కే అందినట్లు ఉంది. పంపకముందే అందడం జరగదు కనుక రెండు గడియారాల్లో ఏదో ఒకటి తప్పు. మాది సరైనదేనన్న నమ్మకంతోనే నేను పరిశీలన మొదలుపెట్టాను.

కంప్యూటర్ల గడియారాలను నెట్‌వర్క్ ద్వారా ఒక టైమ్ సర్వర్‌తో కలిపే పద్ధతే ఎన్‌టీపీ. అప్లికేషన్ సర్వర్‌లో దాని స్థితిని చూపే ఎన్‌టీపీక్యూ ఆదేశాన్ని 'పీ' ఆప్షన్‌తో నడిపితే ఒకే వరుస కనిపించింది. అది మా ఆఫీసులోని అంతర్గత టైమ్ సర్వర్‌ది. వరుస మొదట్లో నక్షత్రం గుర్తు ఉంది, అంటే ఈ యంత్రం ఆ సర్వర్‌నే అనుసరిస్తోంది. డిలే (ప్యాకెట్ వెళ్లి రావడానికి పట్టే సమయం) 0.312, ఆఫ్‌సెట్ (రెండు గడియారాల తేడా) -0.041, జిట్టర్ (ఆ తేడాలోని హెచ్చుతగ్గులు) 0.027 అని ఉన్నాయి. ఇవి మిల్లీసెకన్లు కనుక తేడా సెకనులో పదివేలవ వంతు కూడా లేదన్నమాట.

రీచ్ కింద 377 అని ఉంది. 377 సార్లు సమాధానం వచ్చిందని చాలాకాలం అనుకున్నాను, కానీ అది ఆక్టల్ సంఖ్య, అంటే 0 నుంచి 7 వరకు అంకెలతోనే రాసేది. చివరి ఎనిమిది ప్రయత్నాల్లో సమాధానం వచ్చిన ప్రతిదానికీ ఒకటి, రానిదానికి సున్నా చొప్పున ఎనిమిది బిట్లు రాసి, వాటిని ఆక్టల్‌లో చూపిస్తారు. ఎనిమిదీ ఒకట్లయితే 377. ఒక్క సమాధానం తప్పిపోతే 376 అవుతుంది, ఆ సున్నా ఒక్కో అడుగు ఎడమకు జరుగుతూ 375, 373, 367, 357, 337, 277, 177 మీదుగా మళ్లీ 377కు చేరుతుంది. ఈ వరుస తెలిస్తే తప్పిపోయిన ప్యాకెట్ ఎన్ని ప్రయత్నాల కిందటిదో రీచ్ చూసి చెప్పవచ్చు.

ఇలా అన్నీ సవ్యంగా ఉండటంతో తప్పు అవతలివారిదేనని జవాబు రాయబోయి, అంతవరకూ పట్టించుకోని రెండు గడులు చూసి ఆగిపోయాను. స్ట్రాటమ్ (అసలు మూలం నుంచి ఎన్నో అంచె) 11 అని, రెఫ్‌ఐడీ (ఆ సర్వర్ సమయం తీసుకునే మూలం) 'లోకల్' అని ఉంది. డేవిడ్ మిల్స్ 1980లలో రూపొందించిన ఈ ప్రోటోకాల్‌లో అణుగడియారం, జీపీఎస్ వంటి మూలాలు స్ట్రాటమ్ 0, వాటికి నేరుగా కలిపిన సర్వర్ 1, అక్కడి నుంచి ఒక్కో అంచెకు ఒక్కటి పెరుగుతుంది, 16 అంటే ఏ మూలంతోనూ సమన్వయం లేదని అర్థం. బయటి మూలం నుంచి సమయం తీసుకునే సర్వర్ 3 లేదా 4 దగ్గర ఉండాలి గానీ 11 ఎందుకు అవుతుంది?

అంతర్గత సర్వర్‌లో అదే ఆదేశం నడిపాక విషయం తేలింది. బయటి సర్వర్లు మూడింటికీ రెఫ్‌ఐడీ 'ఇనిట్' (ఇంకా సమాధానమే రాలేదని), స్ట్రాటమ్ 16, రీచ్ 0. నాలుగో వరుస ఆ యంత్రపు సొంత గడియారం, స్ట్రాటమ్ 10, నక్షత్రం దాని ముందే ఉంది. బయటి మూలాలు అందనప్పుడు వాడుకోవడానికని ఎవరో ఎప్పుడో దాన్ని అమరికలో చేర్చారు. మూడు నెలల కిందట ఫైర్‌వాల్ మార్చినప్పుడు ఎన్‌టీపీ వాడే యూడీపీ పోర్టు 123 మూసుకుపోయింది. ఆనాటి నుంచి ఆ యంత్రం తన గడియారాన్ని తానే ప్రమాణంగా చూపిస్తూ, రోజుకు సుమారు 80 మిల్లీసెకన్ల చొప్పున ముందుకు జరిగింది. మిగతా సర్వర్లన్నీ ఆ తప్పును ఎంతో కచ్చితంగా అనుసరించాయి. ఆఫ్‌సెట్ చెప్పేది మనం అనుసరిస్తున్న గడియారానికీ మన గడియారానికీ ఉన్న తేడానే. ఆ గడియారం సరైనదో కాదో దానికి తెలియదు.

పోర్టు తెరిపించి, సొంత గడియారపు వరుసలు తొలగించాను. రీచ్ 1, 3, 7, 17, 37 అంటూ పెరుగుతుంటే అరవై నాలుగు సెకన్లకోసారి చూస్తూ కూర్చున్నాను. ఆఫ్‌సెట్ -7200 దాటి ఉంది; మైనస్ గుర్తుకు అర్థం మా గడియారం ముందుందని. మామూలుగా తేడా 128 మిల్లీసెకన్లు మించితే ఎన్‌టీపీ గడియారాన్ని ఒక్క దూకులో సరిచేస్తుంది. కాలం వెనక్కి దూకితే డేటాబేస్‌లో అవే సెకన్లు రెండోసారి నమోదవుతాయి కనుక, అన్ని సర్వర్లలోనూ 'ఎక్స్' ఆప్షన్ పెట్టి నెమ్మదిగా జరిగే పద్ధతి ఎంచుకున్నాను. సెకనుకు అర మిల్లీసెకను మించి జరపకూడదన్న పరిమితి వల్ల ఒక్క సెకను సవరణకే 2,000 సెకన్లు కావాలి, ఏడు సెకన్లకు నాలుగు గంటలు. రాత్రి పదికి మొదలుపెడితే, తెల్లవారుజామున మూడు దాటాక గానీ ఆఫ్‌సెట్ ఒక అంకెకు దిగలేదు.

2022 ఏప్రిల్‌లో దేశ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశం ప్రకారం సర్వర్ల సమయం జాతీయ సమాచార కేంద్రం లేదా ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల సర్వర్లతో, లేదా వాటితో ముడిపడిన వాటితో కలవాలి. ఇప్పుడు ఆ రెండు చోట్ల నుంచీ కలిపి నాలుగు మూలాలు పెట్టాను. రెండే ఉండి అవి విభేదిస్తే ఎవరిది నిజమో తేల్చే దారి ఉండదు. నాలుగుంటే, ఒకటి దారి తప్పినా మిగతా మూడూ ఏకమై దాని వరుస ముందు నమ్మదగనిదని చెప్పే ఎక్స్ గుర్తు పడేలా చేస్తాయి. ఇప్పుడు పట్టిక తెరిస్తే నేను మొదట చూసేది ఆఫ్‌సెట్ కాదు, రెఫ్‌ఐడీ. ఆ తరువాత స్ట్రాటమ్, రీచ్.