ఎవరి కింద పని చేస్తావు?

"ఎవరు గెలుస్తారని నేను అడగలేదు. వీళ్ళలో ఎవరి కింద పని చేయాలనుందో అది చెప్పు" అన్నారు మా టీమ్‌లో సీనియర్ ఒకావిడ, కాస్త గట్టిగానే. 2007 చివర్లో, అమెరికాలోని అయోవా రాష్ట్రంలో, డిమోయిన్‌లోని మా ఆఫీసు లంచ్ రూమ్‌లో జరిగిన మాట ఇది.

అయోవాలో ఆ చలికాలం ఎక్కడ నలుగురు కలిసినా కాకస్ కబుర్లే, అంటే పార్టీవాళ్ళు ఒకచోట చేరి తమ అభ్యర్థిని ఎంచుకునే సభ కబుర్లు. డెమోక్రాట్ల అధ్యక్ష అభ్యర్థిని ఎంచుకునే పోటీ దేశం మొత్తమ్మీద ముందు అక్కడే, 2008 జనవరి 3న మొదలవుతోంది. హిల్లరీ క్లింటన్, బరాక్ ఒబామా, జాన్ ఎడ్వర్డ్స్, జో బైడెన్, బిల్ రిచర్డ్‌సన్ అందరూ ఊరూరా తిరుగుతున్నారు. నేను మన అలవాటు కొద్దీ లెక్కలు తీశాను. హిల్లరీకి పేరుంది, డబ్బుంది, భర్త ఎనిమిదేళ్ళు అధ్యక్షుడిగా చేశారు, పార్టీ పెద్దల్లో చాలామంది ఆమె వైపే ఉన్నారు. దాదాపు అందరూ తెల్లవాళ్ళే ఉన్న రాష్ట్రంలో ఒబామాకి ఎన్ని పడతాయి? అక్కడ ఆవిడ నన్ను ఆపేశారు. నాకు ఓటు లేదు, నేను హెచ్-1బీ మీద ఉన్నవాణ్ణి అన్నా వదల్లేదు. రోజూ ఒకరి కింద పని చేస్తున్నావు కదా, పైన ఉండేవాడు ఎలాంటివాడై ఉండాలో నీకు తెలియదా అన్నారు.

నిజానికి అది నాకు తెలిసినంత బాగా అక్కడ ఎవరికీ తెలియదు. తన వీసా తాను పనిచేసే కంపెనీ చేతిలో ఉన్నవాడికి మేనేజర్ గుణమే వాతావరణం. అంతకుముందు పని చేసిన ప్రాజెక్టులో ఒక రాత్రి మేం మార్చిన సాఫ్ట్‌వేర్‌ని క్లయింట్ సిస్టమ్‌లో పెట్టే ప్రొడక్షన్ రిలీజ్ ఫెయిలైంది. ఫలానా మార్పు వద్దని మేం ముందే చెప్పాం, చేయమన్నది మేనేజరే. తెల్లవారుజామున కాన్ఫరెన్స్ కాల్‌లో క్లయింట్ కారణం అడిగితే ఆయన ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "ఆఫ్‌షోర్ టీమ్ పొరపాటు" అన్నాడు, అంటే ఇండియాలో పని చేసేవాళ్ళదని. తర్వాత వచ్చిన మెయిల్‌లో హైదరాబాద్‌లో ఉన్న కుర్రాడి పేరుంది, క్లయింట్ సీసీలో ఉన్నాడు. ఆ కుర్రాడు అదే కాల్‌లో ఉన్నాడు. మ్యూట్ తీయలేదు. నేనూ తీయలేదు, మాకు ఆ వీలు లేదు. కాబట్టి తనదో తన మనుషులదో తప్పు బయటపడ్డప్పుడు నాయకుడు ఏం చేస్తాడు అన్నదే నాకు అన్నిటికన్నా పెద్ద పరీక్ష. అనుభవం, వాక్చాతుర్యం, విదేశాంగం అన్నీ ఆ తర్వాతే.

ఆ ఏడాది ఆ పరీక్ష మనవాళ్ళ మీదుగానే జరిగింది. 2007 జూన్‌లో ఒబామా ప్రచార బృందం విలేకరులకు ఒక కాగితం ఇచ్చింది. అమెరికాలో సెనేటర్ పేరు పక్కన పార్టీ, రాష్ట్రం రాస్తారు. అందులో హిల్లరీ పేరు పక్కన న్యూయార్క్ తీసేసి పంజాబ్ అని పెట్టారు. ఉద్యోగాలు ఇండియాకి తరలించే కంపెనీలతో క్లింటన్ దంపతులకు సంబంధాలున్నాయని దాని సారాంశం. పంజాబ్‌లోనైనా తేలిగ్గా గెలుస్తానని ఆవిడ అంతకుముందు సరదాగా అన్న మాటని అలా వాడుకున్నారు. చదివినప్పుడు నాకు ఒళ్ళు మండింది. పన్నులు కట్టి, వాళ్ళ సిస్టమ్స్ పడిపోకుండా అర్ధరాత్రుళ్ళు కాపలా కాసే మా పేరు అక్కడ తిట్టు కింద వాడారు. మనవాళ్ళు చాలామంది నొచ్చుకున్నారు, గట్టిగానే అడిగారు. ఒబామా దాన్ని తెలివితక్కువ పని అన్నారు. అది బయటికి వెళ్ళేముందు తాను చూడలేదన్నారు. ఆయన అక్కడితో ఆగి ఉంటే నా లెక్కలో మా పాత మేనేజర్‌కి పెద్ద తేడా ఉండేది కాదు. ఆగలేదు. బాధ్యత మొత్తం ప్రచార బృందానిది, అందులోనూ ముఖ్యంగా తనది అని దక్షిణాసియా మద్దతుదారులకు లేఖ రాశారు. ఆ కాగితం తయారు చేసిన ఉద్యోగి పేరు ముందుకు తోయలేదు. ఆ లేఖతో నాకు ఆయన మీద కుదిరినంత గురి ఎన్ని ప్రసంగాలు విన్నా కుదిరేది కాదు.

హిల్లరీని ఇదే తూకంలో పెడితే చిక్కొచ్చింది. డిసెంబర్‌లో న్యూ హాంప్‌షైర్‌లో ఆమె ప్రచార ముఖ్యుల్లో ఒకరు బిల్ షాహీన్, ఒబామా యవ్వనంలో మత్తుమందులు వాడిన సంగతి ఎత్తాడు. ఆయన తప్పుకున్నాడు. ఆమె వాషింగ్టన్ విమానాశ్రయంలో ఒబామాని కలిసి స్వయంగా క్షమాపణ చెప్పారు. అది చిన్న విషయం కాదు. కానీ ఇరాక్ యుద్ధానికి 2002లో వేసిన ఓటు తప్పని మాత్రం చెప్పనన్నారు. ఆ మాటే మీకు ముఖ్యమైతే వేరే అభ్యర్థులున్నారు అన్నారు న్యూ హాంప్‌షైర్ సభలో. చివరికి తప్పని ఒప్పుకుంది 2014లో, తన జ్ఞాపకాల పుస్తకంలో. కిందివాళ్ళ తప్పుకి సారీ చెప్పగలిగి సొంత తప్పు దగ్గర బిగుసుకున్నారు. ఆడది తలవంచితే బలహీనురాలంటారని భయపడి ఉండొచ్చు, ఆ భయం ఉత్తది కూడా కాదు. అయినా నాకు మనసు ఒప్పలేదు.

అదే ఓటు వేసిన ఎడ్వర్డ్స్ 2005లోనే నాది తప్పు అని పత్రికలో రాశారు. ఆయన కింద పని చేయొచ్చనుకున్నాను. 2008 ఆగస్టులో, భార్య క్యాన్సర్‌తో ఉండగా సాగిన వ్యవహారం గురించి అబద్ధాలాడారని తేలింది. ఒక్క గుణంతో మనిషిని కొలవడం కుదరదని అప్పుడు అనిపించింది, కానీ ఆ కొలత వదలడానికి ఇప్పటికీ ఇష్టం లేదు.

కాకస్ రాత్రి చూడ్డానికి వెళ్ళాను. బయట గడ్డకట్టే చలి, లోపల స్కూల్ జిమ్ నిండా కోట్లు విప్పుకుంటున్న జనం. రహస్య ఓటు లేదు, ఒక్కో అభ్యర్థికి ఒక్కో మూల, వెళ్ళి అక్కడ నిలబడాలి. వచ్చినవాళ్ళలో పదిహేను శాతానికి చేరని గుంపు చెదిరిపోయి వేరే అభ్యర్థిని వెతుక్కోవాలి. మా ఆఫీసు ఆవిడ బైడెన్ మనిషి. ఆ గుంపులో గుప్పెడు మందే ఉన్నారు. ఇరుగుపొరుగువాళ్ళు వచ్చి పేరు పెట్టి పిలిచి బతిమాలుతున్నారు. ఒకాయన ఇన్సూరెన్స్ గురించి, ఒక కుర్రాడు యుద్ధం గురించి. ఆవిడ అందరి మాటా విని, చాలాసేపు చేతులు కట్టుకుని నిలబడి, చివరికి హిల్లరీ మూలకి నడిచారు. ఆ రాత్రి దాదాపు 38 శాతంతో ఒబామా గెలిచారు. హిల్లరీ మూడో స్థానంలో నిలిచారు. బైడెన్ పోటీ నుంచి తప్పుకున్నారు.

మీ దేశంలో పార్టీలు నాయకుణ్ణి ఇలా ఎన్నుకుంటాయా అని మర్నాడు ఆవిడ అడిగితే నాకు రోషం వచ్చింది. రాత్రి షిఫ్టులో ఉన్న నర్సు మీ కాకస్‌కి ఎలా వస్తుంది, ఈ పోటీలో ఎవరూ ఎన్నుకోకుండానే అభ్యర్థి ఎంపికలో ఓటున్న పార్టీ పెద్దలు, ఆ ఎనిమిది వందల మంది సూపర్ డెలిగేట్లు ఎందుకున్నారు అని అడిగాను. అన్నగారి కథ చెప్పాను. ఐదేళ్ళలో నలుగురు ముఖ్యమంత్రుల్ని ఢిల్లీ మార్చింది, బేగంపేట విమానాశ్రయంలో అంజయ్య గారికి అవమానం జరిగింది, ఎన్టీఆర్ 1982 మార్చిలో పార్టీ పెడితే తొమ్మిది నెలలకే మా జనం అధికారం చేతిలో పెట్టారు అన్నాను. చెబుతుంటే గొంతు పెరిగింది, ఇప్పటికీ ఆ కథ చెబితే నాకు ఒళ్ళు పులకరిస్తుంది. అంతా విని ఆవిడ, "మరి ఆయన తర్వాత పార్టీలోవాళ్ళని ఎవరైనా అడిగారా?" అన్నారు.

ఆదివారం ఫోన్‌లో నాన్నకి జిమ్‌లో చూసిందంతా చెప్పాను. నాన్న ఇందిరమ్మ కాలం నుంచీ కాంగ్రెస్ పార్టీ సభ్యుడు. సభ్యత్వం రసీదులన్నీ బీరువాలో దాచుకున్నాడు. "మా మండలాధ్యక్షుణ్ణి కూడా పైనుంచే వేస్తార్రా. ఈసారి ఎవరినేశారో పేపర్లో చూసి తెలుసుకున్నాను" అన్నాడు. మీరైతే ఎవర్ని పెట్టేవాళ్ళు అని అడిగాను. నాన్న ఆలోచనలో పడ్డాడు. తర్వాత పేర్లు ఒక్కొక్కటే తీసి, ఎవరు మాట మీద నిలబడతారో, ఎవరు కార్యకర్త ఆస్పత్రిలో ఉంటే వెళ్ళి చూస్తారో, కాలింగ్ కార్డులో నిమిషాలు అయిపోయేదాకా చెప్పాడు.