ఏఐ టూల్‌ను పరీక్షిస్తూ గ్రూప్‌-2 నాలుగో పేపర్ చదివిన విధానం

తోటి అభ్యర్థులకు నమస్కారం. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో చదువుకునే మాలో కొందరికి, తెలుగు మీడియం వారి కోసం తయారవుతున్న ఒక ఏఐ స్టడీ టూల్‌ను వాడిచూసి లోపాలు చెప్పే అవకాశం వచ్చింది. టూల్ ఎంత మెరుగుపడిందో దాన్ని తయారుచేసినవారే చెప్పాలి గానీ, నాలుగో పేపరైన తెలంగాణ ఉద్యమ చరిత్రపై నాకు పట్టు దొరికింది మాత్రం ఈ పనిలోనే.

‘జవాబు తప్పు’ అని రాసి ఊరుకుంటే తయారీదారులకు ఒరిగేదేమీ లేదు. మనం అడిగిన ప్రశ్న, వచ్చిన జవాబు, పుస్తకంలోని వాక్యం, పేజీ నంబరు కలిపి పంపితేనే తప్పు ఎక్కడ పుట్టిందో తేలుతుంది. ఉదాహరణకు, ప్రభుత్వ ఉద్యోగాల్లో స్థానికతను లెక్కించే జోన్లు ఎన్ని అని అడిగితే ఆరు అని వచ్చింది. 1975 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం ఉమ్మడి రాష్ట్రంలో ఉన్నవి ఆరు జోన్లే, వాటిలో 5, 6 తెలంగాణవి. 2018 ఉత్తర్వులతో తెలంగాణకు ఏడు జోన్లు, రెండు మల్టీజోన్లు ఏర్పడ్డాయి. అంటే టూల్ కల్పించి చెప్పలేదు, పాత పుస్తకంలో ఉన్నది చెప్పింది. అందుకే ప్రతి జవాబు కింద ఆధారమైన పుస్తకం, అది అచ్చయిన సంవత్సరం చూపాలని కోరాం.

ఇంతకన్నా ప్రమాదకరమైనది మరొకటి కనిపించింది. తెలంగాణకు రక్షణలపై ఆంధ్ర, తెలంగాణ నాయకుల మధ్య పెద్దమనుషుల ఒప్పందం 1956 ఫిబ్రవరి 20న కుదిరిందని సరిగ్గా చెప్పిన టూల్, నేను కావాలనే ‘కాదు, 1957’ అనగానే క్షమాపణ చెప్పి మాట మార్చింది. అనుమానంతో అడిగేవాడికి గంగిరెద్దులా తల ఊపే గురువు పనికిరాడు. మీరు ఏ టూల్ వాడినా, ముందు మీకు బాగా తెలిసిన విషయంలో ఇలా కావాలని తప్పు చెప్పి చూడండి.

బిట్ల (ఆప్షన్లతో ఉండే చిన్న ప్రశ్నల) విషయంలో మా శ్రమ బాగా ఫలించింది. మొదట్లో టూల్ ఇచ్చిన బిట్లలో సరైన ఆప్షనే తరచుగా పొడవుగా ఉండేది, మిగతావి చదవకుండానే కొట్టేయవచ్చు. స్థానికేతర ఉద్యోగులను వెనక్కి పంపమన్న జీవో 610 ఏ ఏడాది వచ్చిందనే ప్రశ్నకు సరైన జవాబు 1985తో పాటు 1973, 1975, 2001 ఇవ్వమని సూచించాం. ఆరు సూత్రాల పథకం, రాష్ట్రపతి ఉత్తర్వులు, జీవో 610 అమలును పరిశీలించిన గిర్‌గ్లానీ కమిషన్ వరుసగా ఆ మూడేళ్లవే కాబట్టి, ఒక్క బిట్టుతో స్థానిక ఉద్యోగాల కథ మొత్తం రివిజన్ అవుతుంది. ఇలాంటి ఆప్షన్లు మనమే కూర్చడం మొదలుపెడితే పరీక్ష రాసేటప్పుడు ఎగ్జామినర్ ఎత్తు ముందే తెలుస్తుంది. నెగెటివ్ మార్కులు లేని గ్రూప్‌-2లో చివరి రెండు ఆప్షన్ల మధ్య తేల్చుకోవడానికి ఇదే అక్కరకొస్తుంది.

స్కాన్ చేసిన పుస్తకాల్లో ఒత్తులు చెదిరి పేర్లు మారిపోయే ఇబ్బంది కొంత తగ్గింది. ఎకానమీ పేపర్ అంకెలు ఏటా మారతాయి కాబట్టి వాటిని మాత్రం నేను ఇప్పటికీ రాష్ట్ర ప్రభుత్వం వేసే ఆ ఏడాది సోషియో ఎకనమిక్ ఔట్‌లుక్ నుంచే నోట్సులోకి రాసుకుంటున్నాను.