వరద తీసిన మర్నాటి రేవు

గోదావరి గట్టు మీద ఏ పార్కు కడదామన్నా ముందు బయటికొచ్చేది త్రీడీ బొమ్మ. అందులో నీళ్లు నీలంగా ఉంటాయి, లాన్ పచ్చగా ఉంటుంది, స్టీలు రెయిలింగ్ పక్కన ఒకాయన కుక్కను తిప్పుకుంటూ ఉంటాడు. ఆ బొమ్మ ఫిబ్రవరి నాటిది. జులై ఆఖర్లో అదే చోట ఎర్రనీళ్లు పారుతుంటాయి, రెయిలింగ్ పైకమ్మీకి గుర్రపుడెక్క చుట్టుకుని ఉంటుంది. నీళ్లు తీసిన మర్నాడు రేవులో ఏం మిగులుతుందో, దాన్ని ఎవరు ఎలా కడుగుతారో తేల్చుకున్నాకే గీత గీయాలి. మిగతా సొగసులన్నీ ఆ తర్వాత.

ముందుగా మట్టాలు. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర మొదటి వరద హెచ్చరిక 11.75 అడుగులు, రెండోది 13.75, మూడోది 17.75. పారుదలలో చెప్పాలంటే సుమారు 10, 13, 17 లక్షల క్యూసెక్కులు. 1986 ఆగస్టులో సుమారు 35 లక్షలు వచ్చింది, 2022 జులైలో 25 లక్షలు దాటింది. చాలామంది చేసే తప్పు, ఈ అడుగుల్నే తీసుకెళ్లి తమ రేవు డ్రాయింగులో రాసేయడం. అవి ధవళేశ్వరం గేజి అంకెలు. కోటిపల్లిలోనో కొవ్వూరులోనో ఆ రోజు నీరు ఏ మెట్టు దాకా వచ్చిందన్నది వేరే లెక్క. గుడి గోడ మీద, పాత రావిచెట్టు మొదట్లో, నది దాటించే పంటు టికెట్లిచ్చే గది తలుపు మీద వరద గుర్తులు ఉంటాయి. ఎత్తులు కొలిచే ఆటో లెవెల్ పెట్టి ఆ గుర్తుల్ని ఒకే బెంచ్‌మార్కుకి (ఎత్తు తెలిసిన స్థిర గుర్తుకి) కలిపితే మీ రేవుకి సొంత లెక్క దొరుకుతుంది. ఒకటిన్నర రోజు పని. ఇది చెయ్యకుండా కోట్ల రూపాయల టెండరు పిలిచేవాళ్లకి ఏం చెప్తాం.

ఆ లెక్కతో రేవుని మూడు పట్టీలుగా విడగొట్టండి. మొదటి హెచ్చరిక కింద ఉండేది ఇంచుమించు ఏటా మునిగే చోటు. అక్కడ రాయి, మెట్లు, ర్యాంపు తప్ప ఇంకేం వద్దు, ఒక్క వైరు కూడా. మొదటికీ మూడోదానికీ నడుమ ఉన్నది కొన్నేళ్లకోసారి నాలుగైదు రోజులు మునుగుతుంది. నడక దారి, గడ్డి, బరువైన రాతి బెంచీలు అక్కడ పెట్టొచ్చు. మరుగుదొడ్లు, కరెంటు ప్యానెల్, టీ కొట్లు, పిల్లల ఉయ్యాలలు మూడో హెచ్చరిక పైనే. ప్యానెల్ మట్టుకు 1986 గుర్తు కన్నా పైన ఉండాలి, ఆ లైన్ల మీద 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే లైను కట్ చేసే స్విచ్చి) తప్పనిసరి. మునిగే పట్టీలో వెలుతురు కావాలంటే పైపట్టీలో ఎత్తు స్తంభం వేసి కిందికి కొట్టించాలి. నేలలో పాతే పొట్టి స్తంభాల బొల్లార్డు లైట్లు ఒక్క వరదకే పోతాయి. వైరు లోపలికెళ్లే గ్లాండులోకి బురద దిగాక దాన్ని ఎండబెట్టి మళ్లీ వెలిగించడం ఎలక్ట్రీషియన్ వల్ల కూడా కాదు.

డెల్టాలో రేవులన్నీ ఒకటి కావన్నది కూడా గుర్తుండాలి. బ్యారేజీకి ఎగువన రాజమండ్రి, కొవ్వూరు రేవుల్లో గేట్లు దించిన కాలమంతా నీటిమట్టం దాదాపు నిలకడగా ఉంటుంది కాబట్టి స్నానపు మెట్టు ఎక్కడ ఉండాలో ఇంచుల్లో చెప్పొచ్చు. దిగువన యానాం, నరసాపురం, అంతర్వేది వైపు పోటూ పాటూ రోజుకి రెండేసి సార్లు ఉంటాయి, వేసవిలో ఉప్పు ఎగదన్నుతుంది. అక్కడ మామూలు ఇనుప రాడ్డుకి కవరు (రాడ్డుని కప్పే కాంక్రీటు మందం) చాలక కాంక్రీటు పగిలిపోతుంది, గులాబీలు బతకవు. గంగరావి, పొన్న, కానుగ బతుకుతాయి. మడచెట్లు ఉన్న చోట వాటిని కొట్టి వాకింగ్ ట్రాక్ వేస్తే ఒడ్డు కోతకి పోతుంది, ట్రాక్ కూడా దాంతోపాటే పోతుంది.

ఇక బురద. నీళ్లు నిలిచే మూలల్లో జానెడు నుంచి మూరెడు దాకా ఒండ్రు మేట వేస్తుంది. తడిగా ఉన్నప్పుడు అది గడ్డపెరుగులా జారుతుంది. రెండెండలు తగిలితే పెంకులా బిగుస్తుంది, వారం గడిస్తే గడ్డపార కావాలి. గడ్డపార పడ్డ చోట రాతి అంచులు లేచిపోతాయి. కాబట్టి కడగాల్సింది వరద దిగుతున్నప్పుడే. నీరు ఒక్కో మెట్టు వదులుతుంటే, అదే నీటిని డీజిల్ పంపుతో తోడి ఆ మెట్టు మీదున్న మేటని కిందికి కొట్టెయ్యాలి. దానికి మెట్ల పైన 63 మిల్లీమీటర్ల పైపు లైను వేసి, ప్రతి 30 మీటర్లకీ ఒక హోస్ కప్లింగ్ పెట్టుకోవాలి. హోస్ పొడవు 15 మీటర్లు కాబట్టి ఇటూ అటూ సరిపోతుంది. డ్రాయింగులో ఇది ఒక సన్న గీత, ఖర్చు మొత్తంలో చిల్లర. అయినా ఎవరూ పెట్టరు.

కడిగిన బురద పోవడానికి దారి కూడా ఉండాలి. నడకదారికి నది వైపు నూటికి రెండు వాలు ఇవ్వండి. అంచున పైకి లేచే కర్బు కట్టకండి. అందం కోసం కట్టిన ఆ ఆరంగుళాల కర్బు వెనకాల నీళ్లూ బురదా చెరువులా నిలుస్తాయి. ప్రతి మెట్టుకీ అడుగుకి ఐదు మిల్లీమీటర్లు బయటికి వాలు ఉంటే నాచు కూడా తక్కువ పడుతుంది. మునిగే పట్టీలో ఇంటర్‌లాక్ టైల్స్ మాత్రం వద్దు. టైలు గట్టిదే, కింద పరిచిన రెండంగుళాల ఇసుకే ఇబ్బంది. వరద నీరు దిగేటప్పుడు ఆ ఇసుకని అంచు సందుల్లోంచి లాక్కుపోతుంది, ముందు అంచు రాయి ఒరుగుతుంది, తర్వాత వరసలు వరసలుగా కుంగుతాయి. బదులుగా నాలుగంగుళాల కాంక్రీటు బెడ్డు మీద రాతి పలకలు సిమెంటు మోర్టారుతో పరిచి, మూడు నాలుగు మీటర్లకొక జాయింటు వదలండి. పలక పైముఖం పాలిష్ చెయ్యకూడదు. మంటతో కాల్చి గరుకు చేసిన ఫ్లేమ్డ్ గానీ, చేత్తో చెక్కినది గానీ కావాలి. పాలిష్ గ్రానైటు మీద కార్తీక దీపాల నూనె పడితే పెద్దవాళ్లు నడుములు విరగ్గొట్టుకుంటారు. దీపాలకి నీటి పక్కనే రెండడుగుల వెడల్పు గరుకు రాతి పట్టీ విడిగా ఇస్తే జనం మెట్ల మీద పెట్టరు.

ఒడ్డు జారిపోవడం వరద ఎక్కేటప్పుడు కన్నా దిగేటప్పుడే ఎక్కువ. నాలుగు రోజులు నానిన మట్టి లోపల నీళ్లు పట్టి ఉంటుంది. బయట నది చరచరా దిగిపోతే లోపలి నీరు రివిట్‌మెంటుని, అంటే ఒడ్డు వాలుకి వేసిన రాతి తొడుగుని, వెనకనుంచి తోస్తుంది. గోడ ఎంత గట్టిగా కట్టారన్నదానికన్నా నీటికి దారి ఇచ్చారా లేదా అన్నదే ముఖ్యం. వాలు ఒకటికి రెండు (అడుగు ఎత్తుకి రెండడుగుల అడ్డం) ఉంచి, కింద జియోటెక్స్‌టైలు (నీటిని వదిలి మట్టిని ఆపే గుడ్డ) గానీ ఆరంగుళాల కంకర ఫిల్టరు గానీ పరిచి, దానిమీద అడుగు మందం రాతి పిచ్చింగ్ (పేర్చిన రాళ్ల కప్పు) చెయ్యాలి. సిమెంటుతో సందులు పూడ్చేస్తే ఒకటిన్నర రెండు మీటర్లకొక మూడంగుళాల పైపు వీప్‌హోల్ (లోపలి నీరు కారే రంధ్రం) వదిలి, దాని వెనక గుప్పెడు కంకర పెట్టాలి. కంకర లేని వీప్‌హోల్ లోంచి ఇసుక కారిపోయి గట్టుకి బుంగ పడుతుంది. పాదం దగ్గర విడిరాళ్ల అప్రాన్ (పరుపు) లేకపోతే ఎంత చక్కటి పిచ్చింగూ కిందనుంచి జారుతుంది.

పార్కు కోసం ఏటిగట్టుని తవ్వొద్దు. ఆ మాట కఠినంగానే చెప్పాలి. అది లంకల్నీ ఊళ్లనీ కాపాడే కట్ట, సీనరీ కోసం వేసింది కాదు. దాని వాలు మీద పెద్ద చెట్లు నాటకూడదు, వేరు కుళ్లిన చోట నీటికి దారి దొరుకుతుంది. వాలుకి గరిక చాలు. కోత ఎక్కువగా ఉంటే వట్టివేరు పిలకలు అరడుగు దూరంలో, మీటరు ఎత్తు తేడాతో వరసలు వేస్తే సరి. నది గట్ల మీద ఏ పనికైనా 1884 నాటి రివర్ కన్సర్వెన్సీ చట్టం వర్తిస్తుంది కాబట్టి ధవళేశ్వరం హెడ్‌వర్క్స్ వాళ్ల అనుమతి మొదట్లోనే తెచ్చుకోవాలి. పని సగంలో ఆగిన రేవు కట్టని రేవు కన్నా హీనం. ద్రాక్షారామం, సామర్లకోట లాంటి కేంద్ర రక్షిత ఆలయాల చుట్టూ వంద మీటర్ల లోపల కొత్త కట్టడాలు నిషేధం, ఆపై రెండొందల మీటర్లు అనుమతితోనే.

మొక్కలు నాటడం ఎప్పుడన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది. మన దగ్గర వనమహోత్సవం వానల్లో చేస్తారు, ఫొటోలకి బాగుంటుంది. ఏటి ఒడ్డున జులైలో నాటిన మొక్క ఆగస్టులో సముద్రంలో ఉంటుంది. నవంబరు, డిసెంబరులో నాటితే వేరు పట్టడానికి ఏడెనిమిది నెలలు దొరుకుతుంది, వేసవిలో నీళ్లు పోసే మనిషి మాత్రం ఉండాలి. కడియం నర్సరీ నుంచి పదడుగుల మొక్కలు తెచ్చినప్పుడు సంచి విప్పి చూడండి. వేర్లు సంచి చుట్టూ గింగిరాలు తిరిగి ఉంటే నాలుగు వైపులా కత్తితో నిలువుగా చీల్చాకే మూడడుగుల గోతిలో పెట్టాలి. లేకపోతే అయిదేళ్లకి పెద్ద చెట్టయి, మొదటి తుపానుకే వేళ్లతో సహా పడిపోతుంది. తెల్లమద్ది, నేరేడు, కానుగ నీట మునిగినా ఓర్చుకుంటాయి. రేవులో ఉన్న పాత రావి, వేప చెట్లకి అరుగు కట్టేటప్పుడు మొదలు చుట్టూ కనీసం మీటరు మట్టి వదలండి, అసలు నేల కన్నా అరడుగుకి మించి మట్టి ఎత్తకండి. కాండం మెడ మట్టిలో పూడిపోతే చెట్టు మూడు నాలుగేళ్లకి పైనుంచి ఎండుతుంది, అప్పటికి కారణం ఎవరికీ గుర్తుండదు.

పాత కట్టడాల సంగతి ఇంకా సున్నితం. ధవళేశ్వరం ఆనకట్ట 1847–52 మధ్య కాటన్ కట్టించింది. ఆ కాలపు పడవలు దాటించే లాకులు, గోడలు సున్నంతో కట్టినవి. వాటి సందుల్లో సిమెంటు పూస్తే లోపలి తేమ బయటికి రాలేక ఇటుక ముఖమే పొరలుగా ఊడిపోతుంది. వారం పైగా నానబెట్టిన సున్నం ఒక పాలు, ఇసుకా సుర్కీ (ఇటుక పొడి) కలిపి మూడు పాళ్లు, సన్నటి తాపీతో పూసి వారం రోజులు తడి గోతాలు కప్పి ఉంచాలి. రాతికి రంగులు వెయ్యడం పూర్తిగా మానెయ్యాలి. ఇక్కడ పనికి టైము కూడా తక్కువే. వేసవిలో కాలువలు కట్టేసిన రోజుల్లోనే లాకుల దగ్గర అడుగు దాకా చూడటానికి వీలవుతుంది. రాళ్లు, సున్నం, మేస్త్రీలు అంతకుముందే సిద్ధంగా లేకపోతే ఆ ఏడు పోయినట్టే.

రాజమండ్రిలో గోదావరి మీది పాత హేవలాక్ రైలు వంతెనని జనానికి తెరవాలని అందరికీ ఆశే. 1900లో రైళ్లకి తెరిచి 1997లో ఆపేసిన 56 స్పాన్ల (స్తంభాల మధ్య భాగాల) వంతెన. రైలు మోసిన ఉక్కుకి జనం బరువు లెక్కలోది కాదనుకుంటారు గానీ, కిక్కిరిసిన జనానికి చదరపు మీటరుకి 500 కిలోల లెక్క వెయ్యాలి. అసలు చిక్కు తుప్పు, రెయిలింగ్, మధ్యలో దిగే దారి లేకపోవడం. మొదటి నాలుగైదు స్పాన్లు మాత్రమే తెరిచి, లోపలికీ బయటికీ వేరువేరు దారులు ఇచ్చి, అది ఏడాది నడిచాక మిగతాది చూసుకుంటే మేలు. రాజమండ్రి దగ్గర నది ఒడ్డుని పర్యాటకానికి తీర్చిదిద్దే అఖండ గోదావరి పనులకి 2025 జూన్‌లో శంకుస్థాపన అయింది, 2027లో మళ్లీ పుష్కరాలు. తొందర ఉంటుంది.

ఆ తొందరలో మర్చిపోకూడనిది వెడల్పు. 2015 జులై 14న రాజమండ్రి పుష్కర ఘాట్ తొక్కిసలాటలో పాతికమందికి పైగా పోయారు. చదును నేల మీద మీటరు వెడల్పుకి నిమిషానికి సుమారు 80 మంది, మెట్ల మీద 65 మంది సాగుతారు. మూడు మీటర్ల మెట్ల గేటులోంచి నిమిషానికి రెండు వందలు దాటరు. వచ్చేవాళ్లు అంతకంటే ఎక్కువైతే వెనక కూడిన జనమే ముందువాళ్లని తోస్తారు. మామూలు రోజుల కోసం అలంకారంగా కట్టిన ఆర్చీలు, ఫౌంటెన్లు, పూలతొట్లు ఆ రోజు గొంతుకి అడ్డుపడ్డ ముల్లులా మారతాయి. మెట్టు ఎత్తు ఆరంగుళాలు, వెడల్పు కనీసం రెండడుగులు, పది పన్నెండు మెట్లకొక చదును ఉంచాలి. చక్రాల కుర్చీకి పన్నెండుకి ఒకటి వాలులో ర్యాంపు, తొమ్మిది మీటర్లకొక చదును ఇవ్వాలి. నీటి కింద రెండు మూడడుగుల లోతులో మూడు మీటర్ల మెట్టు చదును, దాని చివర గొలుసు ఉండాలి. ఒడ్డుకి దగ్గర్లో ఇసుక తవ్వి ఉంటే గొలుసు అవతల ఒక్కసారిగా తాటిచెట్టు లోతు ఉంటుంది, అది తాడుకి బరువు కట్టి ఏటా జూన్‌లోనూ, వరద తీశాకా కొలవాల్సిందే.

మునిగే పట్టీలో రెయిలింగ్ విప్పేదే పెట్టాలి. చెత్తా చెదారం తగులుకుంటే రెయిలింగ్ చిన్న ఆనకట్ట అయిపోయి, స్తంభం తనతోపాటు కాంక్రీటుని కూడా పెకిలిస్తుంది. జీఐ పైపు స్తంభాలు నేలలో పాతిన స్లీవులో (గొట్టంలో) దిగేలా చేసి, స్లీవుకి మూత పెట్టి, ప్రతి ముక్కకీ నంబరు చెక్కించండి. మొదటి హెచ్చరిక కన్నా ఒకటిన్నర అడుగు కింద నీరుండగానే విప్పి పైగదిలో పెట్టాలి. ఆ గది తాళం ఎవరి దగ్గర ఉంటుందో రేవు బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాయించండి, వరద రాత్రి రెండింటికైనా ఎక్కొచ్చు మరి.