చవితి మర్నాడు

ఆగస్టు 28, గురువారం

నిన్న చవితి కదా, ఇవాళ క్లాసులో ఎవరూ ఉండరనుకున్నాను. అరవై మందికి పందొమ్మిది మంది వచ్చారు. మిగతావాళ్లు పందిళ్ల దగ్గరే ఉన్నట్టున్నారు, మైకు మా స్టాఫ్ రూమ్ దాకా వినపడుతూనే ఉంది. బీకాం కంప్యూటర్స్ పిల్లలకి తెలుగంటే ట్యాలీకీ ఇంగ్లీషుకీ మధ్య దొరికే విశ్రాంతి. నేనూ అలవాటు పడ్డాను.

పాఠం గజేంద్రమోక్షం, 'సిరికిం జెప్పడు' పద్యం. ముందు బోర్డు మీద గురులఘువులు వేశాను. మత్తేభం, స భ ర న మ య వ, పద్నాలుగో అక్షరం యతి. 'సి'కి 'జే'తో యతి అనగానే ఒకడు లేచాడు. "చేదోయి కదా సార్, జేదోయి ఎట్లయింది?" సరళాదేశం చెప్పాను. యుగమున్ తర్వాత చేదోయి వచ్చింది, ద్రుతం మీద పరుషం సరళమవుతుంది కాబట్టి చ కాస్తా జ అయింది. తల ఊపాడు. అర్థమై ఊపాడో, కూర్చోవడానికి ఊపాడో.

తర్వాత అర్థం. ఏనుగు మొర విన్న విష్ణువు లక్ష్మితో ఒక్క మాట చెప్పలేదు, శంఖచక్రాలు తీసుకోలేదు, పరివారాన్ని పిలవలేదు, గరుత్మంతుణ్ణి సిద్ధం చెయ్యలేదు, చెవి మీద పడ్డ జుట్టు కూడా సర్దుకోలేదు. ఆఖరికి చేతిలో ఉన్న అమ్మవారి పైటకొంగు సైతం వదల్లేదు.

మూడో బెంచీ అమ్మాయి చెయ్యెత్తింది. "కొంగు వదలకపోతే ఆమె కూడా ఎనకాలే పరిగెత్తల్ల కదా సార్? ఆమె పోతే ఇంట్లోవాళ్లంతా ఏమైందోనని వస్తారు. మా వీధిలో ఎవురికన్నా బాగలేదంటే అట్లే పోతారు."

చాక్‌పీసు చేతిలోనే ఉండిపోయింది. ఆ తర్వాతి పద్యం అదే. 'తనవెంటన్ సిరి, లచ్చివెంట నవరోధవ్రాతము...' ఆయన వెనక లక్ష్మి, ఆమె వెనక అంతఃపురం, వాళ్ల వెనక గరుత్మంతుడు, ఆ పక్కన విల్లూ గదా శంఖచక్రాలు, నారదుడు, చివరికి వైకుంఠంలో పిల్లా పెద్దా అందరూ. నేనింకా చెప్పని పద్యం. పుస్తకం కూడా తెచ్చుకోని పిల్ల. చదివి వినిపిస్తే పక్కదాన్ని మోచేత్తో పొడిచింది, చూసినావా అన్నట్టు.

వెనక నుంచి ఒంటిమిట్ట కుర్రాడు "పోతన మా ఊరోడు సార్" అని అందుకున్నాడు. పోతన తమవాడేననే వరంగల్ వైపు బమ్మెర వాళ్ల వాదనా బలమైనదే గానీ, కడప జిల్లాలో నిలబడి ఆ మాట అనడానికి ధైర్యం కావాలి. బెల్లు కొట్టారు, బతికిపోయాను.

మధ్యాహ్నం అటెండర్ అన్నకి అడంగల్‌లో పేరు మార్పు కోసం తహసీల్దారుకి అర్జీ రాసిచ్చాను. అంతలో ప్రిన్సిపాల్ గారు పిలిచారు. రేపు తెలుగు భాషా దినోత్సవం, ముఖ్య అతిథికి సన్మాన పత్రం కావాలి. "కొంచెం గ్రాంథికంగా, గంభీరంగా ఉండాలి సార్." రేపు గిడుగు రామమూర్తి గారి జయంతి. 1863లో పుట్టి, పర్లాకిమిడిలో పాఠాలు చెప్పుకుంటూ, జనం మాట్లాడే తెలుగే పుస్తకాల్లో ఉండాలని గ్రాంథికవాదులతో పోరాడిన మనిషి. ఆయన పుట్టినరోజుకి గ్రాంథికం! నవ్వు ఆపుకుని "అట్లాగే సార్" అన్నాను. 'విద్వన్మణీ!' అని మొదలుపెట్టి పావుగంటలో ముగించాను. ఎన్ని రాయలేదు ఇట్లాంటివి. పేరు మారిస్తే చాలు.

సాయంత్రం ఫ్లెక్సీ షాపు. చవితి ఫ్లెక్సీల హడావుడిలో మాది అడుగున పడిపోయింది. స్క్రీన్ మీద 'తెలుగు బాషా దినోత్సవం' అని ఉంది. అబ్బాయి పక్కన నిలబడి ఆ బకి ఒత్తు పెట్టించి, ఓకే చెప్పి, ఫోన్లో ఫొటో తీసుకుని వచ్చేశాను.

రాత్రి అన్నం తింటూ ఆ ఫొటో మళ్లీ చూశాను. కింద చిన్న అక్షరాల్లో 'అందరూ ఆహ్వనితులే'. దీర్ఘం లేదు. భ మీదే కళ్లు పెట్టి దీన్ని చూడనేలేదు. ఫోన్ చేస్తే "ప్రింటు కొట్టేసినాం సార్" అన్నాడు.

మార్కర్ పెన్ను బ్యాగులో పెట్టుకున్నాను. అందరికంటే ముందు వెళ్లాలి. స్టూలు ఆఫీసు రూమ్‌లో ఉందో, ల్యాబ్‌లో ఉందో.