దొడ్డి తలుపు మెట్టు

మిర్యాలగూడలో మా ఇంటి వెనక గడపకీ దొడ్డి నేలకీ మధ్య 14 అంగుళాలు. ఇన్నేళ్లూ అక్కడ ఒక బండరాయి ఉండేది, కాలు పెడితే ఊగేది. మోకాళ్ల నొప్పులతో అమ్మ గోడ పట్టుకుని దిగుతుంటే చూడలేక, పోయిన నెల నేనే తాపీ పట్టాను. ఇంత చిన్న పనికి మేస్త్రీలు ఎవరూ రారు, అది వేరే బాధ.

లెక్క సులువే. ఇటుక మందం 3 అంగుళాలు, మాలు అర అంగుళం, రెండు వరుసలకు 7. సరిగ్గా సగం. ఒకటికి ఆరు పాళ్లు సిమెంటు, ఇసుక కలిపి జోరుగా పేర్చేశాను. తెల్లారి చూస్తే, పై ఇటుక పట్టుకోగానే చేతికి ఊడొచ్చింది! ఎండకు మాడిన పొడి ఇటుకలు మాలులోని నీళ్లన్నీ పీల్చేశాయి. అమ్మ నవ్వాపుకోలేక, "నానబెట్టాలె బిడ్డా, అవి తాగినంక నువ్వు కట్టాలె" అంది. ఆ మాట ముందే చెప్పొచ్చుగా!

రెండోసారి ఇటుకల్ని డ్రమ్ములో ముంచితే బుడబుడమని ఒకటే బుడగలు. అవి ఆగేదాకా అక్కడే కూర్చున్నా. వాన నీళ్లు గడప వైపు రాకుండా ముందుకు కాస్త వాలు ఇచ్చా. వారం రోజులు తడి గోనెసంచి కప్పి, పొద్దున సాయంత్రం నీళ్లు కొట్టింది మాత్రం అమ్మే.

ఇప్పుడు సాయంత్రమైతే ఆ మెట్టు మీదే కూర్చుని చింతచిగురు ఏరుతోంది. దొడ్లోకి పోవాలంటే మేమంతా ముందు తలుపు నుంచి తిరిగి రావాల్సిందే.