సూది పట్టకుండా నాలుగు వారాలు

నర్సింగ్ రెండో ఏడాదిలో ఉండగా విదేశంలో సేవ చేసి రావాలనిపించింది. మొదట నేను కనుక్కున్న సంస్థవాళ్లు ఫోన్లో అన్న మాట ఇంకా గుర్తుంది. "మీ కాలేజీలో ముట్టుకోనివ్వని పనులు అక్కడ చేయొచ్చు. కుట్లు వేయొచ్చు, ఇంజెక్షన్లు ఇవ్వొచ్చు." నాకు ఆశ పుట్టింది. రెండు రోజుల తర్వాత మా మేడమ్‌కి చెబితే, "ఇక్కడ నీకు లేని అర్హత విమానం దిగగానే ఎలా వస్తుందమ్మా?" అన్నారు. ఆ ప్రయాణం మానుకున్నాను.

తర్వాత కాలేజీ కోర్సులో భాగంగా నడిచే సర్వీస్ లెర్నింగ్ కార్యక్రమంలో చేరాను. ఇందులో సేవకు ముందు చదువు ఉంటుంది, తర్వాత డైరీ, చర్చ, మార్కులు ఉంటాయి. చేరేముందు రెండే అడిగాను: ఈ పని కావాలన్నది ఎవరు? మేం వచ్చేశాక చేసేది ఎవరు? అక్కడి ఆరోగ్య కేంద్రమే అడిగిందని, ఏడాది పొడవునా వాళ్ల కార్యకర్తలే చేసుకుంటారని తెలిశాకే ఫారం నింపాను. అనాథాశ్రమంలో పని ఇస్తామంటే మాత్రం వెళ్లకండి. విదేశీయుల విరాళాల కోసం అమ్మానాన్నా ఉన్న పిల్లల్ని కూడా అలాంటి చోట్ల చేర్చిన సంఘటనలు చాలా దేశాల్లో బయటపడ్డాయి.

కాగితాల పని ముందుగా మొదలుపెట్టడం మంచిదైంది. పాస్‌పోర్టుకి కనీసం ఆరు నెలల గడువుండాలన్నారు. జీతం లేకపోయినా అక్కడ పని పనే కాబట్టి టూరిస్టు వీసా చెల్లదన్నారు, వేరే అనుమతి తీసుకున్నాం. ఎల్లో ఫీవర్ (దోమల వల్ల వచ్చే ఒక జ్వరం) టీకా వేయించుకున్న పది రోజులకి గానీ ఆ టీకా సర్టిఫికెట్ చెల్లదు. 2016 నుంచి అది జీవితాంతం పనికొస్తుంది, జాగ్రత్తగా దాచుకోండి. మలేరియా రాకుండా నాకు డాక్సీసైక్లిన్ అనే మందు రాశారు. తిరిగొచ్చాక కూడా నాలుగు వారాలు వేసుకోవాలి. ఇంటికి చేరాం కదా అని చాలామంది మానేసేది అక్కడే.

బయల్దేరేముందు క్లాసులో ఇవాన్ ఇలిచ్ అనే ఆలోచనాపరుడి గురించి చదివాం. 1968లో మెక్సికోలో సేవకి వచ్చిన అమెరికన్ విద్యార్థుల ముందే నిలబడి, చూడటానికి రండి, చదువుకోవడానికి రండి, సాయం చేయడానికి మాత్రం రావద్దు అన్నాడాయన. ఆ రోజు నాకు కోపమొచ్చింది. సేవకి వెళ్లినవాళ్లందరూ చెడ్డవాళ్లా అని వాదించాను కూడా.

అక్కడ మాకిచ్చిన పని, పోషకాహార లోపం కనిపెట్టడానికి పిల్లల జబ్బ చుట్టుకొలత తీయడం. ఆరు నెలల నుంచి అయిదేళ్ల లోపు పిల్లలకి రంగుల టేపుతో కొలుస్తారు. 12.5 సెంటీమీటర్లు, ఆపైన ఉంటే ఆకుపచ్చ, 11.5 కన్నా తక్కువుంటే ఎరుపు, అంటే తీవ్రమైన లోపం; మధ్యలో పసుపు. చూస్తే ఏముంది, చుట్టి చదవడమేగా అనుకున్నాను. రెండో రోజు ఒక పాపకి పసుపు వచ్చింది. నేను రిజిస్టర్లో రాయబోతుంటే కార్యకర్త నా చేయి ఆపింది. పాప మోచేతిని వంచి, భుజానికీ మోచేతికీ నడిమధ్య పెన్నుతో చుక్క పెట్టింది. చేతిని వదులుగా కిందికి వేలాడేసి టేపు మళ్లీ చుట్టింది, చర్మం నొక్కుకోకుండా, సందు రాకుండా. ఆకుపచ్చ. నేను గట్టిగా లాగానన్నమాట. అలాగే ఎరుపుని కూడా తప్పు చదివితే ఏమయ్యేదో ఆ రాత్రి డైరీలో రాసుకుంటూ చాలాసేపు కూర్చున్నాను. ఇలిచ్ మీద వచ్చిన కోపం అక్కడే తగ్గింది. ఆ తర్వాత వారమంతా ఆమె పక్కన నిలబడి చూసి, ఆమె సరే అన్నాకే ఒంటరిగా కొలిచాను.

చివరి వారం లెక్కలన్నీ ఒక పట్టికగా చేశాం. కాలేజీకి పంపకముందే ఆ కార్యకర్తలకి చూపించాలన్నది కార్యక్రమం నియమం. చూపిస్తే, నా చేయి ఆపిన కార్యకర్తే ఒక్క నిమిషంలో వేలు పెట్టి చూపించింది: రెండు ఊళ్ల పేర్లు తారుమారయ్యాయి. రాత్రికి రాత్రే సరిచేసి, కొత్త ప్రతి ఆమె చేతిలో పెట్టాకే బస్సెక్కాం.