గోడలు లేని లేన్

యాత్ర అనడం కాస్త ఎక్కువే. ఇంటి నుంచి బౌలింగ్ సెంటర్‌కి అరగంట దూరం. బరువైన బంతిని లేన్ అనే సన్నటి చెక్క బాట మీద దొర్లించి, చివర నిలబెట్టిన పది పిన్నుల్ని పడగొట్టే ఆట అది. అయినా తిరిగొచ్చాక రెండు రోజులపాటు కొండెక్కి దిగినట్టు నా కుడి తొడ పట్టేసింది కాబట్టి యాత్రే అనుకుంటున్నాను.

వెళ్లింది నలుగురం. నేను, అక్క, బావగారు, ఎనిమిదేళ్ల వాళ్లమ్మాయి. బౌలింగ్ అనగానే బావగారు దారి పొడవునా క్రికెట్ కబుర్లు చెబుతూనే ఉన్నారు. గుమ్మంలోనే చెప్పులు విప్పించి వాళ్ల బూట్లు ఇచ్చారు. "ఎవరెవరు తొడిగారో ఏమో" అని అక్క ముఖం చిట్లించింది. వాటి అడుగు నున్నగా ఉంది. ఎందుకో బంతి వేశాక తెలిసింది. చివరి అడుగు నేలమీద జారుతూ పడాలి. టక్కున ఆగితే మోకాలికి దెబ్బ.

బంతుల మీద ఉన్న అంకెలు బరువులు, పౌండ్లలో. అన్నిటికన్నా పెద్దది 16, అంటే ఏడు కిలోల పైమాటే. నేను గొప్పకి పోయి 12 తీసుకున్నాను. బంతిని పట్టుకునే రంధ్రంలో బొటనవేలు ఇరుక్కుంది. బంతితో పాటు నేనూ రెండడుగులు వెళ్లాక వేలు ఊడొచ్చింది. మారుమాట్లాడకుండా 9కి దిగాను.

పాప కోసం లేన్‌కి రెండు పక్కలా బంపర్లు పెట్టమన్నాం. బంతి పక్క కాలువలో పడకుండా ఆపే చిన్న గోడల్లాంటివి. "మీకూ పెట్టమంటారా మేడం?" అని అడిగాడు అక్కడి కుర్రాడు. నాకు రోషం వచ్చింది. వద్దన్నాను. అయితే ఆ ఏర్పాటు ఎలాంటిదంటే, పాప వంతు రాగానే గోడలు లేస్తాయి, నా వంతు రాగానే అందరూ చూస్తుండగా దిగిపోతాయి.

బంతి వదిలేచోట, దాటకూడని గీత ఒకటుంది. దాని దగ్గర నుంచి మొదటి పిన్ను 60 అడుగుల దూరం. లేన్ వెడల్పు మూడున్నర అడుగులు కూడా నిండదు. దూరం నుంచి చూస్తే పిన్నులు పిలుస్తున్నట్టే ఉంటాయి. నా మొదటి బంతి ఎడమ కాలువలోకి, రెండోది కుడి కాలువలోకి పోయాయి. మూడోసారి ఊపులో గీత దాటి అడుగేశాను. అవతల లేన్ మీద నూనె పూసి ఉంటుందట! చేతులు గాల్లో ఆడించి ఎలాగో నిలబడ్డాను. ఆ గీత ఆట నియమం కోసమే గీశారనుకున్నాను. నడుము కాపాడుకోవడానికి కూడానట.

పక్క లేన్‌లో ఆడుతున్న పెద్దాయనకి జాలేసినట్టుంది. "పిన్నుల్ని చూడకమ్మా, బాణాల్ని చూడు" అన్నారు. చూస్తే నిజమే, గీతకి పదిహేను అడుగుల అవతల చెక్క మీద ఏడు బాణం గుర్తులున్నాయి. అంతసేపూ వాటిని ముగ్గేమో అనుకున్నాను. కుడి నుంచి రెండో బాణం మీదుగా వదిలితే ఆరు పిన్నులు, తర్వాతి బంతికి మిగతా నాలుగూ పడ్డాయి.

అక్కడే గొడవ మొదలైంది. పది పడగొడితే స్క్రీన్ మీద ఏటవాలు గీత తప్ప అంకె లేదు. "మిషన్ మోసం చేస్తోంది" అన్నారు బావగారు. అదేం కాదు. రెండు బంతుల్లో పదీ పడితే స్పేర్, దానికి తర్వాతి బంతిలో పడినవీ కలుస్తాయి. ఆ బంతికి ఏడు పడగానే స్క్రీన్ మీద 17 చేరాయి. ఒకే బంతికి పదీ పడితే స్ట్రైక్, దానికి తర్వాతి రెండు బంతులూ కలుపుతారు. వరసగా పన్నెండు స్ట్రైకులు వేస్తే 300. అంతకుమించి స్కోరు లేదు. మేం నలుగురం కలిపినా చేరలేని అంకె అది.

ఆరో వంతులో మిషన్ మొరాయించింది. పిన్నుల్ని ఊడ్చే అడ్డకర్ర దిగి అక్కడే ఆగిపోయింది. పాప గోల చూడలేక మెకానిక్ వెనక్కి తీసుకెళ్లి చూపించాడు. ఆ రోజంతట్లో నాకు బాగా నచ్చింది అదే. ముందు వైపు రంగు దీపాలు, పాటలు. వెనక గ్రీజు వాసన, చెవులు చిల్లులు పడే చప్పుడు. పడిన పిన్నుల్ని పెద్ద చక్రం ఒకటి పైకి ఎత్తుతోంది. అవి ఒక్కొక్కటే దొర్లుకుంటూ వెళ్లి తమ గూళ్లలో కూర్చుంటున్నాయి. ఒక సెట్టు కింద నిలబడి ఉండగానే ఇంకో సెట్టు పైన సిద్ధంగా ఉంటుంది. ఇలాంటి యంత్రాన్ని 1946లో అమెరికాలో మొదటిసారి ప్రదర్శించారు. అంతకుముందు పిల్లలే లేన్ చివర కూర్చుని, బంతి పడ్డప్పుడల్లా పిన్నులు ఏరి నిలబెట్టేవారు. ఒక్కో పిన్ను కిలోన్నర. మెకానిక్ ఇరుక్కున్న పిన్నుని లాగి పాప చేతికిచ్చాడు. పాప దాన్ని రెండు చేతులతో పసిబిడ్డని పట్టుకున్నట్టు పట్టుకుంది.

ఆట చివరికి పాప 79, నేను 66. నాకింకా చివరిదైన పదో వంతు ఉంది. బాణాన్నే చూస్తూ వదిలాను. తొమ్మిది పడ్డాయి! కుడి మూల ఒక్కటి కాస్త ఊగి నిలబడిపోయింది. అది పడితే ఇంకో బంతి దొరుకుతుంది, గెలిచే అవకాశమూ ఉంటుంది. ఊపిరి బిగబట్టి వేశాను. బంతి తిన్నగానే వెళ్లింది, పిన్నుకి జానెడు ముందు కాలువలోకి దొర్లింది.

పాప నా చెయ్యి పట్టుకుని మెల్లగా అంది: "పిన్నీ, మళ్లీ వచ్చినప్పుడు నీక్కూడా గోడలు పెట్టమని నేను చెప్తాలే."